బస్తామీది మార్కా – రబ్బరు చేతిముద్ర రూపకల్పన

సరకుల రవాణాలో మార్కా చెరిగిన బస్తా కంటె దిక్కులేని వస్తువు మరియొకటి లేదు. సరకు పంపిన వర్తకుడు ఒక ఊర ఉండును, పుచ్చుకొనవలసినవాడు మరియొక ఊర ఉండును. నడుమ దానిని మోయు హమాలీకిగాని, ఎక్కించు గుమాస్తాకుగాని, దింపు గుమాస్తాకుగాని దానిని గూర్చి తెలిసినదెల్ల దానిమీద వేసిన నాలుగు అక్షరములే. ఆ అక్షరములు చదువరాకపోయినచో లోపల ఉన్నవి మిరపకాయలైనను, పాఠశాలకు పంపిన పుస్తకములైనను ఒకటే. అది హక్కుదారు లేని సరకుగా గోదాములో ఒక మూల పడియుండి తుదకు వేలమునకు పోవును.

రైల్వేలలో ప్రతి స్టేషనుకు ఆంగ్లాక్షరములతో ఒక సంకేతము కలదు. విజయవాడకు బి, జెడ్, ఎ. సికిందరాబాదుకు ఎస్, సి. గుంటూరుకు జి, ఎన్, టి. (ఊరి పేరు విజయవాడగా మారినను సంకేతము మాత్రము నేటికిని బెజవాడగానే ఉన్నది.) సంకేతము పొట్టిగా ఉండుటవలన ముద్ర వేయుటకు సులభము. కాని ఆ పొట్టిదనములోనే ప్రమాదము కూడ ఉన్నది. పూర్తి పేరులో ఒక అక్షరము చెడినను మిగిలినవి ఊరిని పట్టియిచ్చును. రెండు మూడు అక్షరములలో ఒకటి చెడినచో ఊహకు ఆధారముండదు. సిరా నిండి కడుపులు పూడిన 'బి' ఎనిమిది అంకెవలె కనబడును. 'సి'కి 'జి'కి నడుమనున్న భేదము ఒక చిన్న గీత మాత్రమే. కాబట్టి బస్తామీద వేయు ముద్ర ఎంత అందముగా పడినదని గాక, చెడినప్పుడు ఏవిధముగా చెడునని చూడవలెను.

నేడు పార్సెళ్ళమీద అచ్చు చీటీలు, గీతల సంకేతములు వచ్చినవి. లారీ ఆఫీసులలో మార్కరు కలముతో చేతివ్రాతయే వ్రాయుచున్నారు. పెద్ద అక్షరములకు స్టెన్సిలు రేకు ఎప్పటినుండియో ఉన్నది. అయినను ఒకే మాటను రోజుకు కొన్ని వందల మూటలమీద, కరెంటుతో పనిలేకుండ, ఎవరి చేతివ్రాతయను చిక్కు లేకుండ వేయుటకు రబ్బరు చేతిముద్ర వంటి చౌక సాధనము వేరొకటి లేదు. విచారకరమైన సంగతి ఏమనగా, అంగడిలో దొరకు ముద్రలు చాలవరకు కార్యాలయపు కాగితము కొరకు పుట్టినవి. దానినే కొంత పెద్దదిగా, కొంత గట్టి రబ్బరుతో చేసి, 'మన్నిక గలది' అని పేరు పెట్టి బస్తాలకు, పెట్టెలకు అమ్ముచుందురు. ఇందులోని మూలదోషము గట్టిదనమును మన్నికగా పొరబడుట.

ఈ పొరపాటుకు కొంత కారణము రబ్బరు పాఠము చెప్పు పద్ధతిలోనే ఉన్నది. 'రబ్బరునకు గంధకము చేర్చి వేడిచేసినచో గట్టిపడును. దీనికి వల్కనీకరణమని పేరు' అని తరగతిలో చెప్పి అక్కడ ఆపుట పరిపాటి. ఈ వాక్యము తప్పు కాదు గాని సగము మాత్రమే. చార్లెస్ గుడ్ ఇయరు 1839లో అమెరికాలో ఈ ప్రక్రియను కనుగొనుటకు ముందు అక్కడి తపాలా శాఖకు రబ్బరు టపా సంచులు తయారుచేసి యిచ్చుటకు ఒప్పుకొనెను. ఆ సంచులు వెచ్చని గదిలో ఉండగనే జిగటయై పాడైపోయినవి. అతడు వెదకినది గట్టి రబ్బరు కాదు. ఎండకు కరగక, చలికి పెళుసు కాక, లాగి విడిచినప్పుడు మరల తన ఆకారమునకు వచ్చు రబ్బరు. గంధకము రబ్బరులోని పొడవైన అణుగొలుసులను అక్కడక్కడ ముడివేయును. ముడులు తక్కువైనచో జిగట మిగులును. తగినన్ని ఉన్నచో సాగుడు గుణము నిలుచును. మరీ ఎక్కువైనచో ఎబొనైటు అను గట్టి నల్లని పదార్థమగును. ఎబొనైటు ఎంతయో గట్టిది, ఎంతయో కాలము నిలుచును, కాని దానితో గోనెమీద ముద్ర పడదు. తొలినాళ్ళ రబ్బరు ముద్రలు దంతవైద్యులు కట్టుడుపళ్ళ చిగుళ్ళను చేయుటకు ఉంచుకొనిన చిన్న వల్కనీకరణ పాత్రలలోనే తయారైనవి. అనగా ఒకే పాత్రలో, ఒకే గంధకముతో, పంటి చిగురును ముద్రను రెండింటిని చేయవచ్చును. భేదమంతయు ముడుల లెక్కలోనే ఉన్నది.

ఇక ముద్ర మొగమును చూడవలెను. రబ్బరును గూర్చి విద్యార్థులకు ఆశ్చర్యము గొలుపు విషయమొకటి కలదు: రబ్బరు నలుగును గాని దాని ఘనపరిమాణము తగ్గదు. పెన్సిలు వ్రాత చెరుపు రబ్బరు తునకను బల్లమీద వేలితో నొక్కినచో ఎత్తు తగ్గినంత మేర అది ప్రక్కలకు ఉబ్బును. ముద్రలోని అక్షరమునకు కూడ ఇదియే జరుగును. బస్తా ఎగుడుదిగుడుగా నున్నదని గుమాస్తా బలముగా నొక్కును. అక్షరపు గీత ప్రక్కలకు ఉబ్బి లావగును. గీతలనడుమ సందులు మూసికొనిపోవును. 'బి' ఎనిమిదిగా మారుట ఇక్కడనే. గట్టి రబ్బరు వేసినచో ఉబ్బుట కొంత తగ్గును, నిజమే. కాని అప్పుడది నారల గుంటలలోనికి దిగదు. గోనె నేతలో పైకి లేచిన పోగులమీద మాత్రమే సిరా అంటి, అక్షరము చుక్కలు చుక్కలుగా పడును.

దీనికి పరిష్కారము మొగపు రబ్బరులో లేదు, దాని వెనుక ఉన్నది. స్పాంజి రబ్బరులో గాలిగదులుండుటవలన దానిని నొక్కినచో నిజముగనే కుంచించును, ప్రక్కలకు పారదు. మొగము పలుచగా, ఒక మోస్తరు గట్టిగా ఉండి, దాని వెనుక దళసరి స్పాంజి ఉన్నచో అక్షరము తన ఆకారము చెడకుండ మొత్తముగా వంగి బస్తా ఒంపునకు అమరును. కార్యాలయపు ముద్రలలో కూడ స్పాంజి పొర ఉండును. కాని అది నున్నని కాగితమునకు సరిపడు పలుచని పొర. పెద్ద ముద్రను తయారుచేయువారు అక్షరములను పెంచుదురు, పిడిని పెంచుదురు. ఈ పొరను మాత్రము పెంచరు. పాదము పెరిగిన కొలది చెప్పు అడుగు కూడ పెరగవలెనని తెలిసినవారే ఇక్కడ మరచుట వింత.

అక్షరపు గోడల వాలు కూడ ఇట్టిదే. నిట్టనిలువు గోడలతో ఎత్తుగా నిలచిన సన్నని గీత ప్రక్కకు ఒరిగి మొదట చిరుగును. చెరువుకట్ట వలె అడుగు వెడల్పుగా, పైభాగము సన్నగా ఉన్నచో అది ఒరగదు. ఇప్పుడు పట్టణములలో లేసరు కిరణముతో రబ్బరును చెక్కు యంత్రములు వచ్చినవి కాబట్టి వాలును కోరినట్లు ఇచ్చుట కష్టము కాదు. గీత వెడల్పు మాత్రము గోనె నేతలోని సందుకంటె తప్పక ఎక్కువగా ఉండవలెను. కాగితముమీద చక్కగా పడు అర మిల్లీమీటరు గీత గోనెమీద పోగుల సందులలో పడి మాయమగును.

చేతి బలము ఎంత అను ప్రశ్నను రూపకల్పన చేయువారు సాధారణముగా వేసికొనరు. ఒక మనిషి సుమారు పది కిలోగ్రాముల బరువుతో సమానమైన బలముతో ముద్రను నొక్కుననుకొనినచో, రెండు చదరపు సెంటీమీటర్ల గీతలున్న చిన్న కార్యాలయపు ముద్రమీద చదరపు సెంటీమీటరుకు ఐదు కిలోల పీడనము పడును. ఇరువదియైదు మిల్లీమీటర్ల ఎత్తు, నాలుగు మిల్లీమీటర్ల గీత గల అక్షరమునకు దాదాపు మూడు చదరపు సెంటీమీటర్ల మొగముండును. నాలుగు అక్షరములకు పన్నెండు. అప్పుడు పీడనము ఒక కిలోకు కూడ రాదు. 'పైకి' అను బాణపు గుర్తు, 'తడపరాదు' అను గొడుగు గుర్తు, 'పగులును' అను గాజుపాత్ర గుర్తు అంతర్జాతీయ ప్రమాణముల సంస్థవారి 780వ ప్రమాణములో నిర్ణయింపబడినవి. వాని సాధారణమైన ఎత్తు 100, 150, 200 మిల్లీమీటర్లు. వందమిల్లీమీటర్ల గుర్తులో ముప్పది చదరపు సెంటీమీటర్ల మొగమున్నదనుకొనినచో పీడనము ఒక కిలోలో మూడవవంతునకు దిగును. అట్టి ముద్ర సగము పడి సగము పడకపోయినప్పుడు తప్పు గుమాస్తా చేతిది కాదు. ఆ గుర్తులను రబ్బరు ముద్రగా అమ్ముటకంటె స్టెన్సిలు రేకునకు వదలుట మేలు.

గట్టిగా కొట్టినచో క్షణకాలము బలము పెరుగును గదా యనవచ్చును. పెరుగును. కాని రబ్బరు ఎగిరి రెండవమారు తగులును. ఒక అక్షరముపై దాని నీడ వలె మరియొక అక్షరము పడును. ఇంతకంటె తెలివైన ఉపాయము ఊయల ముద్ర. మొగము చదునుగా గాక కొంచెము వంపుగా ఉండి, ఒక అంచునుండి రెండవ అంచునకు దొర్లించుచు నొక్కునది. ఏ క్షణమునందైనను బస్తాను తగులుచుండునది ఒక సన్నని పట్టీ మాత్రమే కాబట్టి చేతి బలమంతయు దానిమీదనే పడును. అదే పది కిలోలు రెండు చదరపు సెంటీమీటర్లమీద పనిచేసినట్లగును.

అయితే ఈ మంచి ఉపాయమును సైతము చెడగొట్టు పద్ధతియొకటి వాడుకలో ఉన్నది. చదునుగా పోతపోసిన రబ్బరును తెచ్చి వంపు చెక్కమీద వంచి అంటింతురు. వంచిన రబ్బరు పైభాగము ఎల్లప్పుడును సాగియుండును. సహజ రబ్బరు గొలుసులలో ద్విబంధములు కలవు. గాలిలో అతి స్వల్పముగా ఉండు ఓజోను వాయువు ఆ బంధములను తెంచును. సాగకుండ ఉన్న రబ్బరుమీద ఇది కంటికి అంతగా కనబడదు గాని, సాగియున్న రబ్బరుమీద సాగినదిక్కునకు అడ్డముగా పగుళ్ళు పుట్టి లోతునకు పోవును. పాత సైకిలు టైరు ప్రక్కలమీద కనబడు పగుళ్ళు ఈ జాతివే. ముద్రలో అవి సరిగా అక్షరములకు అడ్డముగనే వచ్చును. మొదటనే వంపు అచ్చులో పోతపోసినచో ఈ బాధ తగ్గును. అచ్చు వెల కొంత ఎక్కువ, అంతే.

ఇంతవరకు చెప్పినదంతయు ఆకారమును గూర్చి. మన్నికను తీర్చునది అంతకంటె సిరా. మామూలు ఇంకు ప్యాడులోని సిరా నీరు, గ్లిసరిను, రంగు కలిసిన ద్రవము. గ్లిసరిను గాలిలోని తేమను పట్టియుంచుటచే ప్యాడు ఎండదు. కాగితము పీల్చుకొనుటచే ముద్ర ఆరును. రబ్బరునకు దీనివలన హాని లేదు. కాని నీటిలో కరగు రంగు మొదటి వానకు పారును, ఎండలో వెలియును. ప్లాట్‌ఫారముమీద టార్పాలిను క్రింద ఒక రాత్రి నిలచిన బస్తాకు ఈ సిరా పనికిరాదు. పాలీప్రొపిలీను నేత సంచులమీద అది అసలు ఆరనే ఆరదు, పీల్చుకొనుటకు అక్కడ నార లేదు గనుక.

అందుచేత రవాణా మార్కాకు మసిబొగ్గు వంటి కరగని వర్ణకమును, అంటుకొను రెజినును, ఎగిరిపోవు ద్రావకమును కలిపిన సిరా కావలెను. మసి ఎండకు వెలియదు, నీటికి కరగదు. ఇక్కడనే అసలు చిక్కు మొదలగును. ఆ ద్రావకము బస్తాకంటె ముందు రబ్బరును తాకును. సహజ రబ్బరు హైడ్రోకార్బను. కిరసనాయిలు, ఖనిజతైలములు కూడ హైడ్రోకార్బనులే. సజాతీయములు ఒకదానిలో నొకటి చొరబడును. గంధకపు ముడులుండుటచే రబ్బరు కరగిపోదు గాని నూనెను త్రాగి ఉబ్బును.

దీనిని పాఠశాలలో సులభముగా చూపవచ్చును. మూడు గాజుపాత్రలలో ఒక్కొక్క రబ్బరు బ్యాండు తునక వేసి, ఒకదానిలో కిరసనాయిలు లేక డీజిలు, రెండవదానిలో ఆముదము, మూడవదానిలో గ్లిసరిను పోసి మూత పెట్టి, మంటకు దూరముగా ఒక దినము ఉంచవలెను. ముందు, తరువాత పొడవు కొలువవలెను. మొదటి తునక కంటికి స్పష్టముగా పెరుగును, లాగినచో ఇట్టే తెగును. తక్కిన రెండింటిలో మార్పు స్వల్పము. పొడవు ఐదవవంతు పెరిగినదనుకొనినచో ఘనపరిమాణము 1.2 × 1.2 × 1.2, అనగా 1.73 రెట్లు అయినదని విద్యార్థులు తామే లెక్కకట్టగలరు. ఇరువది మిల్లీమీటర్ల అక్షరము ఇరువదినాలుగు మిల్లీమీటర్లయి, మెత్తబడి, అంచులు ముందు రాలును. ముద్ర 'అరిగినది' అని పారవేయువారు చాలమంది నిజమునకు 'ఉబ్బిన' ముద్రను పారవేయుచున్నారు. అరుగుడును ఆపుటకు వారు ఈమారు ఇంకను గట్టి రబ్బరు తెప్పింతురు. అదియు అదే సిరాలో ఉబ్బును.

ఆముదము ఉబ్బింపకపోవుట గమనింపదగినది. నల్లగొండ, మహబూబునగరు ప్రాంతముల మెట్టభూములలో చిరకాలముగా పండు ఈ గింజ నూనెలో హైడ్రాక్సిలు సమూహములు ఉండుటచే దానికి సహజ రబ్బరుతో పొత్తు తక్కువ. ఒకప్పుడు మోటారు బండ్ల బ్రేకులలో ఆముదము కలిపిన ద్రవమునే వాడుటకు అక్కడి సహజ రబ్బరు వాషర్లు చెడకుండుట ఒక కారణము. ఆముదపు సిరా గోనెమీద బాగుగనే పీల్చుకొనును. ప్లాస్టిక్ సంచిమీద మాత్రము ఆరదు.

నూనెలకు నైట్రైలు రబ్బరు మందు అని చెప్పుదురు. బ్యూటడయీను, ఎక్రిలోనైట్రైలు కలిపి 1930 దశకములో జర్మనీలో వాడుకలోనికి తెచ్చిన ఈ రబ్బరు కిరసనాయిలులో అంతగా ఉబ్బదు. పెట్రోలు బంకులలోని గొట్టములకు వాడునది దీనినే. కాని ప్లాస్టిక్ సంచులమీద వెంటనే ఆరవలెనని ఎసిటోను జాతి ద్రావకముతో చేసిన సిరాలో ఈ నైట్రైలే విపరీతముగా ఉబ్బును. అక్కడ పాత సహజ రబ్బరే దానికంటె బాగుగా నిలుచును. ఆల్కహాలు సిరాలలో రెండును సుమారుగా క్షేమమే. ఇప్పుడు చిన్న దుకాణములలో వెలుతురుతో గట్టిపరచి చేయు పారదర్శక పాలిమరు ముద్రలు కాగితమునకు ముచ్చటగా ఉండును గాని ఇట్టి ఘాటైన ద్రావకములకు త్వరగా లొంగిపోవును. కాబట్టి 'శ్రేష్ఠమైన రబ్బరు' అను మాటకు సిరా పేరు చెప్పనిదే అర్థము లేదు. ముద్రను అమ్మువారు ధర, పరిమాణము, అక్షరముల సంఖ్య చెప్పుదురు. ఏ సిరాకు పనికివచ్చునో పిడిమీద రెండు మాటలు చెక్కుట మాత్రము అరుదు. ఖర్చులేని ఈ మేలు చేయకపోవుట రూపకల్పనలో క్షమింపరాని లోపము.

ముద్ర అక్షరములు అరుగకముందే పిడినుండి ఊడిపోవుట మరియొక నిత్యానుభవము. అంటు రబ్బరు జిగురు అయినచో రబ్బరును ఉబ్బించు ద్రావకమే జిగురును కూడ వదలించును. చెక్క తేమకు పెరిగి ఎండకు తగ్గుట దానికి తోడగును. ఇక్కడ పాతకాలపు విడి అక్షరముల ముద్రను మెచ్చుకొనకుండ ఉండరాదు. అందు ఒక్కొక్క రబ్బరు అక్షరము వెనుక చిన్న చిన్న గట్లు ఉండును. అవి పట్టీలోని గాళ్ళలో బిగియును. జిగురుతో పనిలేదు. స్టేషను మారినప్పుడు అక్షరములను మార్చుకొనవచ్చును. ఒక అంకె చెడినచో దానినొక్కదానినే క్రొత్తది వేయవచ్చును. దీని దోషములు లేకపోలేదు: అక్షరములు చిన్నవై పోగొట్టుకొనబడును, తలక్రిందులుగా అమర్చబడును, ఉబ్బించు సిరా తగిలినచో గట్లు గాళ్ళలో ఇరుకుకొని ఊడిరావు. అయినను ఒక అక్షరము చెడినందుకు ముద్రనంతటిని పారవేయవలసిన ఒంటిముక్క ముద్రకంటె ఇది మెరుగైన ఆలోచన. లోతైన లోహపు గాళ్ళు, సిరాకు తగిన రబ్బరు, వెనుక దళసరి స్పాంజి, మూడు మిల్లీమీటర్లకు తగ్గని అక్షరపు ఎత్తు కూర్చినచో బస్తాల పనికి దానినే ఆధారముగా గైకొనవచ్చును. ఎత్తు ఎందుకనగా, వర్ణకము గల సిరా రోజురోజునకు గీతల సందులలో పేరుకొనును. లోతు తక్కువైనచో వారములోనే పూడును.

గట్టి రబ్బరునకు ఎక్కడను తావు లేదని దీని అర్థము కాదు. ఇనుప డబ్బాలకు, నున్నని ప్లైవుడ్డు పెట్టెలకు గట్టి మొగము సన్నని గీతను స్పష్టముగా వేయును. గట్టిదనమును షోర్ 'ఎ' మానముతో కొలుతురు; మోటారు టైరు నేలనంటు భాగము ఈ మానమున సుమారు 60–70 ఉండును. గోనెకు అంతకంటె తక్కువ, నున్నని పెట్టెకు ఇంచుమించు అంత ఉండుట సబబు. ఒకే ముద్ర రెండింటికి వాడవలెననుట దుకాణదారునకు లాభము, గుమాస్తాకు నష్టము. చౌకకొరకు సుద్దపొడి దండిగా కలిపి గట్టిపరచిన రబ్బరు మాత్రము ఎక్కడను మంచిది కాదు. అది గట్టిగా ఉండియు త్వరగా అరుగును. మేలైన మసి కలిపిన రబ్బరు అరుగుడునకు దానికంటె ఎన్నియో రెట్లు ఓర్చును.

చివరకు మిగిలినది ముద్రను ఉంచు చోటు. పని ముగియగనే దానిని మొగము క్రిందుగా బల్లమీదనో, ఎండిన ప్యాడుమీదనో నిలుపుట అలవాటు. వేసవిలో రేకుల షెడ్డులో ఆ పిడి బరువు రాత్రియంతయు అక్షరములను నొక్కుచుండును. వేడిలో అట్లు నలిగిన రబ్బరు, స్పాంజి కొంతవరకు మరల లేవవు. పిడి కొనను ఒక రంధ్రమున్నచో దానిని మేకునకు తగిలించి, మొగమును గుడ్డతో తుడిచి, ఎండ తగులనిచోట వ్రేలాడదీయవచ్చును. అంగడిలోని పిడులకు సాధారణముగా ఆ రంధ్రముండదు.